ఉమ్ కుల్సూమ్: తరచుగా అడిగే ప్రశ్నలు

కువైట్‌లోనో దుబాయ్‌లోనో నాలుగేళ్లు పనిచేసి వచ్చినవాళ్లు ఈ గొంతు వినే ఉంటారు. అర్ధరాత్రి టాక్సీ ఎక్కితే రేడియోలో ఒకావిడ పాడుతూ ఉంటుంది. దిగేటప్పటికి కూడా అదే పాట, అదే లైను. జనం మధ్యమధ్యలో కేకలు వేస్తుంటారు. డ్రైవరు స్టీరింగు మీద తాళం వేస్తూ తల ఊపుతుంటాడు. నాకూ ఆవిడ అలాగే పరిచయం. మొదట్లో విసుగొచ్చింది. తర్వాత ఆ విసుగు ఎప్పుడు పోయిందో గుర్తులేదు. మిత్రులు అడిగేవీ, నన్ను నేను అడుక్కున్నవీ కొన్ని ప్రశ్నలు ఇక్కడ రాస్తున్నాను.

అసలు ఎవరీవిడ?

ఈజిప్టు గాయని. ఆరు సినిమాల్లో కథానాయికగా కూడా వేసింది. మొరాకో నుంచి ఇరాక్ దాకా అరబ్బీ మాట్లాడే దేశాలన్నిటా ఆవిడ పాట తెలియని ఇల్లు ఉండదు. పత్రికలు ఆవిడను 'కౌకబ్ అల్ షర్క్' అన్నాయి, అంటే తూర్పు దేశాల తార. ఈజిప్టు జనం మాత్రం ఉత్తినే 'అల్ సిత్' అంటారు. 'అమ్మగారు' అన్నట్టు. పేరు చెప్పక్కర్లేదు, ఏ అమ్మగారో అందరికీ తెలుసు.

పేరు ఎలా పలకాలి?

ఉమ్ కుల్సూమ్ అన్నా, ఈజిప్టు యాసలో ఓమ్ కల్సూమ్ అన్నా ఒకటే. ప్రవక్త కూతుళ్లలో ఒకరి పేరు అది. హైదరాబాదులో 'ఉమ్మె కుల్సుమ్' అనే పేరున్న ఆడవాళ్లు ఇప్పటికీ కనిపిస్తారు. మూలం అదే.

ఎప్పుడు, ఎక్కడ పుట్టింది?

ఎక్కడో తెలుసు, ఎప్పుడో తేలలేదు. కొందరు 1898 డిసెంబరు 31 అంటారు, కొందరు 1904 మే 4 అంటారు. పల్లెటూళ్లో పుట్టిన ఆడపిల్ల తేదీ ఎవరు జాగ్రత్తగా రాసుకున్నారు గనక! మన నాయనమ్మల పుట్టినరోజులు మనకేం తెలుసు?

ఊరు తమాయ్ అల్ జహాయిరా, దకహ్లియా జిల్లాలో. నైలు నది సముద్రంలో కలిసేముందు పాయలుగా చీలే డెల్టా ప్రాంతం, వరి, పత్తి పండే నేల. కోనసీమవాళ్లకో దివిసీమవాళ్లకో ఆ కాలవలూ మట్టిరోడ్లూ వర్ణించి చెప్పక్కర్లేదు. తండ్రి ఇబ్రహీం ఊరి మసీదులో ఇమాము. ఆ జీతం చాలక పెళ్లిళ్లలో, పండగల్లో భక్తిగీతాలు పాడి నాలుగు డబ్బులు తెచ్చుకునేవాడు.

మగపిల్లాడి వేషంలో పాడిందంటారు, నిజమేనా?

నిజమే. తండ్రి కొడుకు ఖాలిద్‌కి పాటలు నేర్పుతుంటే ఈ పిల్ల పక్కనుంచి విని పట్టేసింది. ఒకరోజు పాడుతుంటే తండ్రి విని నిర్ఘాంతపోయాడు. వెంట తీసుకెళ్లడం మొదలుపెట్టాడు. కానీ ఇమాముగారి అమ్మాయి పదిమంది మగాళ్ల ముందు నిలబడి పాడితే ఊరు ఏమంటుంది? అందుకని పొడుగు కోటు తొడిగి, తలకి బెదూయిన్లనే ఎడారి తెగలవాళ్ల రుమాలు చుట్టి, కుర్రాడిలా నిలబెట్టాడు.

ఇంచుమించు ఆ కాలంలోనే మన దగ్గర స్థానం నరసింహారావు చీర కట్టి సత్యభామగా వేదిక మీద నిలబడితే జనం మైమరిచి చూశారు. అక్కడ ఆడపిల్లకి మగవేషం, ఇక్కడ మగవాడికి ఆడవేషం. రెండు చోట్లా అడ్డు ఒకటే, ఆడవాళ్లు నలుగురిలో పాడకూడదన్నది.

ఆ పల్లె కచేరీలకి ఊరూరా నడిచి, గాడిదల మీద, రైలు మూడో తరగతిలో తిరిగేవాళ్లు. మైకులు లేవు. గొంతే ఆ చివరిదాకా వినపడాలి. పెద్దయ్యాక మైకుకి ఎడంగా నిలబడి పాడడం ఆవిడ పద్ధతి. దగ్గరికొస్తే మైకు తట్టుకోలేదనేవాళ్లు. ఆ గొంతుకు సాధన పొలాలగట్ల మీదే అయింది.

ఇంకొకటి కూడా ఉంది. చిన్నప్పుడు ఊరి బడిలో ఖురాను పఠనం నేర్చుకుంది. ఏ అక్షరం గొంతులో ఎక్కడ పుడుతుందో, ఎంతసేపు సాగదీయాలో, ఎక్కడ ఊపిరి ఆపాలో దానికి లెక్క ఉంటుంది. ఆవిడ పాటలో అరబ్బీ రానివాళ్లకి కూడా ప్రతి మాటా విడివిడిగా వినిపిస్తుందంటే కారణం అదే.

కైరోకి ఎలా వచ్చింది?

గాయకుడు షేక్ అబుల్ ఇలా ముహమ్మద్, సంగీత దర్శకుడు జకరియ్యా అహ్మద్ లాంటి పెద్దలు విని, ఈ పిల్ల పల్లెలో ఉండిపోకూడదని పట్టుబట్టారు. 1920ల మొదట్లో కుటుంబమంతా కైరోకి మారింది. అక్కడ అప్పటికే గాయని మునీరా అల్ మహదియ్యా రాజ్యమేలుతోంది. పత్రికలు కొత్తమ్మాయిని పల్లెటూరి మొద్దు అన్నాయి. తండ్రీ, అన్నా తలపాగాలతో వెనక కూర్చుని వంతపాడుతుంటే నవ్వుకున్నారు.

ఆవిడ ఎదురు మాట్లాడలేదు, నేర్చుకుంది. పాటలు రాసే కవి అహ్మద్ రామీ ఆవిడకి సాహిత్యం నేర్పాడు. పెద్దింటి ఆడవాళ్ల కట్టూ బొట్టూ మాటతీరూ గమనించింది. 1926లో కోటూ తలగుడ్డా తీసేసింది. ఇంట్లోవాళ్ల వంతపాట మానిపించి, పేరున్న వాద్యగాళ్లని పెట్టుకుంది. ఊద్ అనే తంత్రీవాద్యం మీద ముహమ్మద్ అల్ కసబ్జీ, వయొలిన్ మీద సామీ అల్ షవ్వా. సొంత అన్ననీ తండ్రినీ వేదిక దింపడం ఎంత కష్టమో ఆలోచించండి. ఆ ఇంట్లో ఆ రోజు ఏ మాటలు నడిచాయో గానీ, ఆవిడ దింపింది.

డబ్బు విషయంలో గట్టి మనిషా?

చాలా. గ్రామఫోను కంపెనీలు రెండు పోటీపడుతుంటే ఒకదానితో బేరం చూపి ఇంకోదానితో రేటు పెంచుకుంది. తన కచేరీలు తనే ఏర్పాటు చేసుకుంది. పాట రాసేవాడూ స్వరం కట్టేవాడూ ఎవరో తనే తేల్చేది. నచ్చని మాటుంటే కవితో మార్పించేది.

దీనివల్ల గొడవలూ వచ్చాయి. జకరియ్యా అహ్మద్ ఆవిడకి మంచి మంచి పాటలు కట్టాడు. హక్కుల డబ్బు దగ్గర తేడా వచ్చి 1940ల చివర్లో కోర్టుకెక్కాడు. పదేళ్లకు పైగా మాటల్లేవు, పాటల్లేవు. చివరికి రాజీ కుదిరి 1960లో 'హువ్వ సహీ అల్ హవా గల్లాబ్' వచ్చింది. ప్రేమకి అంత బలముందన్నది నిజమేనా అని ఆ పాట. మరుసటి ఏడే జకరియ్యా పోయాడు. ఆ పదేళ్లలో వాళ్లిద్దరి నుంచి రావాల్సిన పాటలన్నీ కోర్టు వరండాలో పోయాయి. ఇందులో ఆవిడ తప్పు కూడా ఉందనే నా లెక్క.

ఒక్క పాట గంటసేపు ఎందుకు?

అందరూ అడిగేది ఇదే. అందుకని కాస్త నిదానంగా చెప్తాను.

కాగితం మీద ఆ పాట రాస్తే ఒకటిన్నర పేజీ ఉంటుంది. నెమ్మదిగా పాడినా ఇరవై నిమిషాలు. మిగతా సమయమంతా వినేవాళ్లు పుట్టించిందే. ఒక చరణం పాడుతుంది. ముందు వరసల్లో ఒకాయన 'అల్లాహ్!' అంటాడు. ఇంకొకాయన 'తానీ!' అని అరుస్తాడు, అంటే 'మళ్లీ'. ఆవిడ మళ్లీ అందుకుంటుంది గానీ అదే పాట పాడదు. ఒక మాట మీద ఆగుతుంది, స్వరం కిందికి జార్చి పైకి లేపుతుంది, ఇంకో మకామ్‌లోకి వెళ్లొస్తుంది. మకామ్ అంటే మన రాగం లాంటిది. జనం ఊగిపోతారు. మళ్లీ 'తానీ!' మళ్లీ అందుకుంటుంది. 'యా జాలిమ్నీ' అనే ఒకే పాట ఒక రోజు ముప్పావు గంట పాడితే ఇంకో రోజు గంటన్నర పాడింది. జనం వదలకపోతే పాట వదలదు.

మన పౌరాణిక నాటకాలు చూసినవాళ్లకి ఇదేం కొత్త కాదు. కృష్ణుడి వేషగాడు పద్యం చివర రాగం తీస్తుంటే జనం 'వన్స్ మోర్' అని కేకలేస్తారు. ఆయన మళ్లీ తీస్తాడు. ఈలోగా దుర్యోధనుడు పక్కన నిలబడి తన వంతు కోసం చూస్తుంటాడు. తెల్లారిపోయినా కథ ముందుకు కదలదు, ఎవరూ ఏమీ అనుకోరు. కర్ణాటక కచేరీలకి వెళ్లేవాళ్లు నెరవల్ గుర్తుచేసుకోవచ్చు. ఒకే పాదం పట్టుకుని రకరకాల సంగతులు వేయడం. ఉమ్ కుల్సూమ్ చేసేది ఈ రెండిటికీ మధ్యలో ఎక్కడో ఉంటుంది. నెరవల్‌లో ఉండే పాండిత్యమూ, నాటకం పందిట్లో ఉండే అల్లరీ కలిస్తే అది.

ఆ స్థితికి అరబ్బీలో 'తరబ్' అని పేరు. పాట వల్ల మనిషి తనను తాను మరిచిపోవడం. అది పాడేవాళ్ల దగ్గర పుట్టి వినేవాళ్లకి చేరేది కాదు, ఇద్దరి మధ్యా పెరిగేది. అందుకే ఆవిడ స్టూడియో రికార్డులు నాకు చప్పగా ఉంటాయి. కేకలున్న రికార్డులే వినాలి.

మన రాగాలతో పోలికలున్నాయా?

స్వరాల వరకు ఉన్నాయి. హిజాజ్ కార్ అనే మకామ్ స్వరాలు రాసి చూస్తే మాయామాళవగౌళే. హిజాజ్‌లో ఎక్కువగా పాడే రూపం వకుళాభరణానికి సరిపోతుంది. కుర్ద్ స్వరాలు హనుమతోడివి. అయితే అది విని తోడి అనుకోలేం. గమకం వేరు, నడక వేరు. సింధుభైరవి గుర్తుకొస్తుంది.

రాస్త్, బయాతీ లాంటి మకామ్‌లు మాత్రం మన డెబ్బై రెండు మేళకర్తల్లో, అంటే మూలరాగాల్లో, ఎక్కడా ఇమడవు. రాస్త్‌లో గాంధారం మన రెండు గాంధారాలకీ, సాధారణానికీ అంతరానికీ, నడుమ ఉంటుంది. మొదటిసారి వింటే శ్రుతి తప్పిందనిపిస్తుంది. మా సంగీతం మాస్టారికి వినిపిస్తే మొహం చిట్లించారు. పదిసార్లు విన్నాక ఆ గాంధారమే పాటకు ప్రాణమని తెలుస్తుంది.

గురువారం కథ ఏమిటి?

1934 మే 31న ఈజిప్టు ప్రభుత్వ రేడియో మొదలైంది. కొద్దికాలానికే ప్రతి నెలా మొదటి గురువారం రాత్రి ఆవిడ కచేరీ ప్రసారం కావడం ఆనవాయితీ అయింది. అక్కడ శుక్రవారం సెలవు, కాబట్టి గురువారం రాత్రి ఎంతసేపైనా మేలుకోవచ్చు. రెండు మూడు పాటలే, అర్ధరాత్రి దాటేది. కైరోలో వీధులు ఖాళీ అయ్యేవని, పక్క దేశాల్లో కూడా కాఫీ హోటళ్ల రేడియోల చుట్టూ జనం మూగేవారని చెప్తారు. దాదాపు నలభై ఏళ్లు ఆ గురువారాలు నడిచాయి. మన దగ్గర ఒక తరం రేడియోలో రామాయణం, మహాభారతం విన్నట్టు అక్కడివాళ్లు విన్నారు.

సినిమాల్లో నటిగా ఎలా ఉండేది?

నటన కోసం ఎవరూ చూడరు, నిజం చెప్పాలంటే. మొత్తం ఆరు సినిమాలు: వదాద్ 1936, నషీద్ అల్ అమల్ 1937, దనానీర్ 1940, ఆయిదా 1942, సల్లామా 1945, ఫాత్మా 1947. వదాద్ అన్నది స్టూడియో మిస్ర్ అనే ఈజిప్టు సంస్థ తీసిన మొదటి కథాచిత్రం, వెనిస్ చిత్రోత్సవంలో కూడా చూపించారు. అందులో ఆవిడ బానిస గాయని. దనానీర్, సల్లామా కూడా పాతకాలపు దర్బారు గాయనుల కథలే. పాడడానికి వీలుండే పాత్రలు చూసుకుని ఎంచుకుంది. ఫాత్మాలో మాత్రం నర్సు. డబ్బున్నవాడు పెళ్లాడి వదిలేస్తే పేటవాళ్లంతా అండగా నిలబడతారు. అన్నిట్లో నాకు నచ్చింది అదే.

ఆయిదా ఆడలేదు. సినిమా దీపాల వెలుగు కళ్లకి పడేది కాదు, ఆరోగ్యం కూడా దెబ్బతింది. 1947తో ఆపేసింది.

నల్ల కళ్లద్దాలు, చేతిలో రుమాలు ఎందుకు?

థైరాయిడ్ జబ్బు వల్ల కళ్లు ముందుకు వచ్చాయి, వెలుగు భరించలేకపోయేవి. అందుకే అద్దాలు. ఈ జబ్బుకి అమెరికాలో చికిత్స చేయించుకుంది. రుమాలు మాత్రం టెన్షన్‌కి. వేదికెక్కితే అరచేతులు చెమర్చేవట. దేశాధినేతలు ముందు వరసలో కూర్చునే మనిషికి కూడా ఆ టెన్షన్ పోలేదంటే ముచ్చటేస్తుంది.

పెళ్లి చేసుకుందా?

1954లో చర్మవ్యాధుల డాక్టరు హసన్ అల్ హిఫ్నావీని చేసుకుంది. పిల్లలు లేరు. అంతకుముందు రాజుగారి మేనమామ ఒకరు చేసుకుంటానంటే రాజకుటుంబం ఒప్పుకోలేదు.

జనం అడిగేది మాత్రం అహ్మద్ రామీ గురించి. ఆయన పారిస్‌లో పారశీకం చదివి, ఉమర్ ఖయ్యాం రుబాయీలను అరబ్బీలోకి తెచ్చినవాడు. ఆవిడ కోసం నూటముప్పైకి పైగా పాటలు రాశాడు. అవన్నీ ఆవిడ మీద ప్రేమతోనే రాశాడని ఈజిప్టంతా నమ్ముతుంది. ఆయన వేరే పెళ్లి చేసుకున్నాడు, పాటలు రాస్తూనే ఉన్నాడు. ప్రతి గురువారం ఒకే కుర్చీలో కూర్చుని తను రాసిన మాటలు ఆవిడ నోట వినేవాడట.

రాజుకి పాడిన మనిషి విప్లవం వచ్చాక ఎలా నిలబడింది?

1944లో ఈద్ వేళ అహ్లీ క్లబ్బులో పాడుతుంటే ఫారూఖ్ రాజు స్వయంగా వచ్చి బిరుదు ఇచ్చాడు. 1952లో సైనికాధికారులు ఆ రాజుని దింపేశాక, రాజుగారి పాటగత్తె అని ఆవిడ పాటలు రేడియోలో ఆపేశారు. అప్పుడు ఆ అధికారుల నాయకుడు నాసర్ కల్పించుకుని, సూర్యుడు కూడా రాజుగారి కాలంలోనే ఉదయించాడు కదా, ఆయన్నీ ఆపేద్దామా అన్నాడని కథ. ఉన్నదో కల్పించిందో గానీ, నాసర్ ఆవిడ అభిమాని అన్నది నిజం. రేడియోలో ముఖ్యమైన ప్రసంగాలు ఆవిడ కచేరీకి ముందు పెట్టించేవాడని కూడా అంటారు. జనం ఎలాగూ రేడియో ముందే ఉంటారు మరి.

1956లో సూయజ్ యుద్ధం వచ్చినప్పుడు ఆవిడ పాడిన 'వల్లాహ్ జమాన్ యా సిలాహీ' 1960 నుంచి 1979 దాకా ఈజిప్టు జాతీయగీతం. ఇరాక్ కూడా కొన్నేళ్లు ఆ బాణీనే జాతీయగీతంగా వాడుకుంది. ఏలేవాళ్లతో ఎలా మెలగాలో ఆవిడకి బాగా తెలుసని విమర్శించేవాళ్లున్నారు. ఆ విమర్శలో పస ఉంది.

1967 తర్వాత ఏం చేసింది?

ఆ జూన్‌లో ఆరు రోజుల్లో ఇజ్రాయెల్ చేతిలో ఈజిప్టు ఘోరంగా ఓడిపోయింది. ఆవిడ పాటల మత్తులో దేశం నిద్రపోయిందని కూడా కొందరు నిందించారు. ఆవిడ ఇల్లు విడిచి బయల్దేరింది. దేశంలో ఊరూరా, తర్వాత ట్యునీషియా, మొరాకో, కువైట్, సూడాన్, లిబియా, లెబనాన్ తిరిగి పాడి, వచ్చిన డబ్బు సైన్యానికి ఇచ్చింది. ఆడవాళ్లు ఒంటిమీది నగలు తీసి ఇచ్చారు.

ఆ ఏడు నవంబరులో పారిస్‌లోని ఒలింపియా హాల్లో రెండు రాత్రులు పాడింది. ఎన్ని పాటలు పాడతారని హాలు యజమాని అడిగితే రెండో మూడో అన్నదట. ఆయన గుండె జారిపోయింది. అంత డబ్బు తీసుకుని రెండు పాటలా! జనం తెల్లవారుజాము దాకా కదల్లేదు. ఒక అభిమాని వేదికెక్కి పాదాలు పట్టుకోబోతే ఆవిడ తూలి పడింది కూడా. లేచి పాట కొనసాగించింది.

అక్కడ పాడినవాటిలో 'అల్ అత్లాల్' ఒకటి. శిథిలాలు అని అర్థం. ఇబ్రహీం నాజీ కవిత, రియాద్ అల్ సున్‌బాతీ స్వరం. విడిపోయిన ప్రేమికుల పాటే అది. 1966లో మొదటిసారి పాడింది. అందులో నాకు స్వేచ్ఛనివ్వు, నా చేతులు వదిలిపెట్టు అనే చోటుంది. ఓటమి తర్వాత ఆ లైను వచ్చేసరికి జనం లేచి నిలబడేవారు. ఎవరి సంకెళ్లు ఎవరికి తట్టాయో వాళ్లవాళ్లకే తెలుసు.

'ఇన్త ఉమ్రీ' పాటకి అంత పేరెందుకు?

పోటీదారులిద్దరు కలిశారు గనక. ముహమ్మద్ అబ్దుల్ వహాబ్ ఆవిడతో సమానంగా పేరున్న గాయకుడు, స్వరకర్త. నలభై ఏళ్లు ఇద్దరూ కలిసి పనిచేయలేదు. 1964 ఫిబ్రవరిలో చేశారు. పత్రికలు దాన్ని మేఘాల కలయిక అన్నాయి. అబ్దుల్ వహాబ్ ఎలక్ట్రిక్ గిటారు పెట్టించాడు, సంప్రదాయవాదులు గొణిగారు. జనం మాత్రం పాటకు ముందు వచ్చే వాద్యసంగీతానికే చప్పట్లు కొట్టారు. 'నా జీవితం నువ్వే' అని ఆ మాటకి అర్థం. పాడేనాటికి ఆవిడకి అరవై అటూ ఇటూ ఉంటాయి.

మన ఎం.ఎస్. సుబ్బలక్ష్మితో పోల్చవచ్చా?

పోలికలు ఆశ్చర్యంగానే ఉంటాయి. ఇద్దరూ కొద్ది సినిమాలే చేసి 1947తో ముగించారు. ఇద్దరూ కచేరీల డబ్బు ధారపోశారు. ఎం.ఎస్. కూడా 'సావిత్రి'లో నారదుడిగా మగవేషం వేశారు. తేడా ఒక్కచోటే ఉంది, అది పెద్ద తేడా. ఎం.ఎస్. పక్కన దారి చూపే భర్త సదాశివం ఉండేవారు. ఉమ్ కుల్సూమ్ దారి ఎవరూ చూపలేదు, తనే పెత్తనం చేసింది.

ఎలా పోయింది?

కిడ్నీ జబ్బుతో, 1975 ఫిబ్రవరి 3న, కైరోలో. అంత్యక్రియలకు లక్షల మంది వచ్చారు. అధికారులు దారి నిర్ణయించారు గానీ జనం శవపేటిక లాక్కుని, భుజాలు మార్చుకుంటూ, ఆవిడకి ఇష్టమైన హుస్సేన్ మసీదు వైపు తీసుకెళ్లారు. చివరి రోజు కూడా కార్యక్రమం జనమే నడిపించారు.

ఇప్పుడు చూడడానికి ఏమైనా మిగిలిందా?

కైరోలో జమాలెక్ పేటలో ఆవిడ ఇల్లు పడగొట్టేశారు. ఆ స్థలంలో ఆవిడ పేరుతోనే హోటలుంది. కడుపు మండే విషయం. నైలు మధ్యలో రోదా ద్వీపం మీద మానస్తర్లీ ప్యాలెస్ ఆవరణలో 2001లో తెరిచిన చిన్న మ్యూజియం ఉంది. అద్దాలు, రుమాళ్లు, కచేరీ గౌన్లు పెట్టారు. పిరమిడ్లు చూడ్డానికి వెళ్లే మనవాళ్లు ఒక పూట మిగుల్చుకోవచ్చు.

అరబ్బీ రాదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

'ఇన్త ఉమ్రీ'తో కాదు. 'అల్ఫ్ లైలా వ లైలా' పెట్టండి. 1969లో బలీగ్ హమ్దీ కట్టిన బాణీ, మన చెవికి తొందరగా పడుతుంది. వేదిక మీద పాడిన రికార్డే చూసుకోండి. రాత్రి వంట అయిపోయి, ఫోను పక్కన పడేశాక పెట్టండి. మొదటి కొన్ని నిమిషాలు వాద్యాలే ఉంటాయి, ముందుకు జరపకండి. ఆవిడ లేచి నిలబడినప్పుడు జనం చేసే గోల వినిపిస్తుంది. పాట అప్పుడు మొదలవుతుంది.